గిటారు పట్టిన గురువు – జోసెఫ్ మోర్



డిసెంబరు వచ్చిందంటే మన బీదరులో రెండు పనులు తప్పవు. ఒకటి, ట్రంకు పెట్టెలోంచి స్వెట్టర్లు తీయడం. రెండోది, కేరల్స్‌కు బయలుదేరే ముందు గిటారు శ్రుతి చేసుకోవడం. మొదటిది ఆడవాళ్ళు ఒక్క పూటలో ముగిస్తారు. రెండోది మన యౌవనస్థులకు రాత్రి పది గంటలైనా తెమలదు. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉన్న ఊరు మనది. పగలు ఎండ, రాత్రి చలి. గదిలో చక్కగా పలికిన గిటారు ఆరుబయట మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి మరో దారి పడుతుంది. హార్మోనియం ఒక వైపు, గిటారు ఒక వైపు, మధ్యలో పాడేవాళ్ళు ఏ వైపు పోవాలో తెలియక గొంతు తగ్గిస్తారు.

కొన్నేళ్ళ క్రితం ఒక క్రిస్మస్‌కు ఇంకా పెద్ద చిక్కే వచ్చింది. సంఘానికి ఒకరు కానుకగా ఇచ్చిన పాత గిటారు ఉండేది. అది నైలాన్ తీగల గిటారు. తీగ తెగితే, ఒక దుకాణంలో అడిగి, ఉక్కు తీగల సెట్టు తెచ్చి బిగించారు. ఇనుముకు బలం ఎక్కువ కదా, తెగదు అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. మూడో రోజు సాయంత్రం, ప్రాక్టీసు మధ్యలో, ఠప్పుమని చప్పుడయి బ్రిడ్జి ఊడి వచ్చింది. నైలాన్ తీగల సెట్టు మొత్తం కలిసి గిటారు మీద వేసే లాగుడు సుమారు 40 కిలోలు. మామూలు ఉక్కు తీగలది సుమారు 70 కిలోలు. ఆ పల్చని చెక్క 40 కిలోలకు చేసినది. పిల్లల తప్పేమీ లేదు, చెప్పవలసిన పెద్దలకే తెలియదు. ఆ సంవత్సరం మధ్యరాత్రి ఆరాధనలో ఆ ప్రసిద్ధమైన క్రిస్మస్ పాటను, ఇంగ్లీషువారు సైలెంట్ నైట్ అంటారే, దానిని వట్టి గొంతులతో పాడాము.

ఆ పాట మొదట గిటారు కోసమే కట్టబడిందని మాకు తెలుసు. ఎలుక కథ కూడా తెలుసు. ఆర్గన్ తిత్తులను ఎలుకలు కొరికేశాయని, క్రిస్మస్ ముందురోజు ఆర్గన్ మూగబోయిందని, దిక్కుతోచని గురువు గిటారు అందుకున్నాడని మేము కనీసం పది క్రిస్మస్ కూటాలలో చెప్పి ఉంటాము. సండే స్కూలు పిల్లలతో నాటిక కూడా వేయించాము. తరువాత కూర్చొని చదివితే తేలింది, ఆ ఎలుకకు సాక్ష్యం లేదు. పాట కట్టిన మనిషి స్వయంగా వ్రాసిపెట్టిన వివరంలో ఎలుక మాట లేదు, ఆర్గన్ పాడయిందన్న మాట కూడా లేదు. కాబట్టి ఆ కథను ఈ పత్రిక ముఖంగా వెనక్కు తీసుకుంటున్నాము. అసలు మనిషి కథ ఆ ఎలుక కథకన్నా గొప్పది. అది ఇన్నాళ్ళు చెప్పనందుకు మాకు కొంత సిగ్గుగానే ఉంది.

జోసెఫ్ మోర్ 1792 డిసెంబరు 11న సాల్జ్‌బర్గ్ నగరంలో పుట్టాడు. ఇప్పుడది ఆస్ట్రియా దేశంలో ఉంది, అప్పుడు అక్కడి ఆర్చిబిషప్పే పాలకుడు. తల్లి అన్నా షోయిబర్, అల్లిక పనితో బ్రతికే పేదరాలు. తండ్రి ఫ్రాంజ్ మోర్ సిపాయి. బిడ్డ పుట్టకముందే సైన్యం నుండి పారిపోయాడు, తల్లినీ వదిలిపోయాడు. వారికి పెండ్లి కాలేదు. అలా పుట్టిన పిల్లలు ఆమెకు నలుగురు, జోసెఫ్ మూడోవాడు. ఆ కాలంలో అది కేవలం పరువు సంగతి కాదు, ప్రభుత్వం జరిమానా కూడా వేసేది.

శిశువుకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు వారి ఆచారం ప్రకారం జ్ఞానతండ్రి ఉండాలి. శిశు బాప్తిస్మం మన పద్ధతి కాదు గాని, ఇక్కడ ఆ సంగతి చెప్పక తప్పదు. పరువుగల కుటుంబీకుడు ఎవరూ ముందుకు రాని చోట జ్ఞానతండ్రిగా పేరు ఇచ్చినవాడు ఫ్రాంజ్ జోసెఫ్ వోల్‌ముట్. ఆయన సాల్జ్‌బర్గ్ నగరపు తలారి. మరణశిక్షలు అమలుపరచే ఉద్యోగి. జనం ఆయన నీడ పడనిచ్చేవారు కాదు. ఆయన కూడా స్వయంగా రాలేదు, తన బదులు మరొకరిని పంపాడు. బిడ్డకు ఆయన పేరులోని జోసెఫ్ అనే పేరు పెట్టారు. ఊరి చివర పుట్టిన తాతముత్తాతలు గల మన కుటుంబాలకు ఈ సంగతి ఇంకా విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పిల్లవాడి గొంతు బాగుండేది. దానిని గుర్తించినవాడు యోహాన్ నెపోముక్ హీర్న్‌లె. ఆయన సాల్జ్‌బర్గ్ పెద్ద దేవాలయంలో గాయక బృందాన్ని చూసే గురువు. ఆయన ఈ పిల్లవాడిని చేరదీసి బడిలో వేశాడు, సంగీతం నేర్పించాడు. పిల్లవాడు దేవాలయాలలో పాడాడు, వయొలిన్ వాయించాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇటువంటి మనిషి విలువ తెలుస్తుంది. పాడగల పిల్లవాడు ప్రతి వాడలో ఉంటాడు. వాడి ఫీజు కట్టే హీర్న్‌లె ప్రతి వాడలో ఉండడు.

తరువాత క్రెమ్స్‌మున్‌స్టర్ అనే మఠంలో చదివి, 1811లో గురువిద్యాలయంలో చేరాడు. అక్కడ కూడా పుట్టుక అడ్డుపడింది. వివాహం వెలుపల పుట్టినవాడు కథోలిక గురువు కావడానికి చట్టం ఒప్పుకోదు. ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాడు. 1815 ఆగస్టు 21న అభిషేకం పొందాడు. అప్పటికి ఇరవైమూడు నిండలేదు.

తొలి పరిచర్యలలో ఒకటి మరియాఫార్ అనే కొండ ఊరిలో. వింత ఏమిటంటే, తనను పుట్టకముందే వదిలిపోయిన తండ్రి పుట్టిపెరిగిన ప్రాంతం అదే. అక్కడ ఉండగా, 1816లో, ఒక పాట వ్రాశాడు. ఆరు చరణాల పాట. ఆ సంవత్సరం సంగతి కొంచెం చెప్పాలి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం బ్రద్దలయింది. దాని బూడిద ఆకాశానికి ఎక్కి, మరుసటి ఏడు యూరపులో వేసవే లేకుండా పోయింది. పంటలు కుళ్ళిపోయాయి. జనం ఆకలితో అల్లాడారు. దానికి ముందు ఇరవై ఏళ్ళపాటు నెపోలియన్ యుద్ధాలు. సాల్జ్‌బర్గ్ ఒకసారి వీరి చేతికి, ఒకసారి వారి చేతికి మారి, 1816 మే 1న ఆస్ట్రియా కిందికి వచ్చింది. మన తెలుగు బాప్తిస్టులకు కరువు అంటే 1876–78 నాటి కరువు, క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని కంట్రాక్టుకు తీసుకొని జనానికి కూలి చూపిన కరువు గుర్తుకు వస్తుంది. మోర్ చూసినది అటువంటి ఏడే. శాంతి గురించి, నిద్రపోతున్న శిశువు గురించి ఆయన వ్రాసిన మాటలు ఏ చల్లని గదిలో హాయిగా కూర్చొని వ్రాసినవి కావు. మనం సాధారణంగా పాడేది మూడు చరణాలు. పాడకుండా వదిలేసిన వాటిలో ఒకటి, యేసు లోకంలోని జనాంగాలన్నిటినీ సహోదరునివలె కౌగిలించుకుంటున్నాడని చెబుతుంది. తండ్రి లేని పిల్లవాడు, యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం వ్రాసిన చరణం అది. ఎందుకు వదిలేశారో మాకు నచ్చదు.

మరియాఫార్‌లో చలికి ఆరోగ్యం చెడింది. 1817లో సాల్జ్‌బర్గ్‌కు వచ్చి చికిత్స తీసుకొని, ఆగస్టులో ఓబర్న్‌డార్ఫ్ అనే ఊరికి సహాయ గురువుగా వెళ్ళాడు. సాల్జాఖ్ నది ఒడ్డున ఉప్పు పడవలు నడిపేవారి ఊరు. దేశాల సరిహద్దు ఆ నది మీదుగా గీయడంతో ఒకే ఊరు రెండు ముక్కలయింది. నదికి ఆవలి లాఫెన్ బవేరియాలో, ఈవలి ఓబర్న్‌డార్ఫ్ ఆస్ట్రియాలో. 1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయి బీదరు కర్ణాటక వైపు, జహీరాబాదు ఆంధ్ర వైపు పడినప్పటి ముచ్చట్లు మన పెద్దల నోట విన్నవారికి ఇది కొత్త కాదు.

ఓబర్న్‌డార్ఫ్‌లో మోర్ కూలి జనంతో కలిసిపోయాడు. అది పై అధికారికి నచ్చలేదు. అక్కడి పెద్ద గురువు నోస్ట్లర్ ఈయన మీద ఫిర్యాదు వ్రాశాడు. గంభీరత లేదట, నది ఒడ్డున పొగగొట్టం పట్టుకొని కుర్రవాడిలా తిరుగుతాడట, ఆడవారితో పరిహాసాలాడుతాడట, భక్తికి పనికిరాని పాటలు పాడుతాడట. ఫిర్యాదులో ఎంత నిజమో ఎంత కోపమో మనం తేల్చలేము. పొగ త్రాగడాన్ని మేము సమర్థించము. అయితే గిటారు పట్టుకున్న పిల్లవాడిని చూస్తే సంఘ పెద్దల నొసలు ముడుచుకోవడం మాత్రం మాకు బాగా తెలిసిన దృశ్యమే. ఆ నొసళ్ళలో మాదీ ఒకటి.

పక్క ఊరు ఆర్న్స్‌డార్ఫ్‌లో ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు ఉండేవాడు. నేతపనివారి కొడుకు. మోర్ కంటే అయిదేళ్ళు పెద్ద. 1816 నుండి ఓబర్న్‌డార్ఫ్ దేవాలయంలో ఆర్గన్ కూడా వాయించేవాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1818 డిసెంబరు 24న మోర్ రెండేళ్ళనాటి తన పాట గ్రూబర్ చేతిలో పెట్టి, ఇద్దరు పాడడానికి, బృందం అందుకోవడానికి, గిటారు తోడుగా ఉండేటట్లు రాగం కట్టమన్నాడు. పంతులు ఇంటికి వెళ్ళి అదే సాయంత్రం రాగం తెచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి సెయింట్ నికొలస్ దేవాలయంలో మోర్ పై గొంతు పాడుతూ గిటారు వాయించాడు, గ్రూబర్ క్రింది గొంతు పాడాడు. గిటారు ఎందుకు ఎంచుకున్నారో వారిద్దరూ చెప్పలేదు. ఎలుకలకు ఆ ఖాళీలో చోటు దొరికింది.

ఇక్కడ కాస్త ఆగి ఆ గిటారు సంగతి చూడాలి, ఎందుకంటే మన యౌవనస్థులకు పనికివచ్చేది అక్కడే ఉంది.

అప్పటి గిటారు ఇప్పటి గిటారు కంటే చిన్నది, నడుము సన్నము. ఆరు తీగలు. అంతకు ముందు తరంలో జంట తీగలు ఉండేవి, ఆరు ఒంటి తీగల గిటారు అప్పటికి ఇంకా కొత్త వస్తువే. శ్రుతి మాత్రం నేడు మనం చేసేదే. లావు తీగ నుండి వరుసగా ఈ, ఏ, డి, జి, బి, ఈ. సన్నని మూడు తీగలు గొర్రె పేగుతో చేసినవి. లావు మూడింటికి లోపల పట్టు దారపు పోగులు, పైన వెండి పూత పూసిన రాగి తీగ చుట్ట. ఈ చుట్ట ఎందుకు? లోతైన స్వరం పలకాలంటే తీగ బరువుగా ఉండాలి. బరువు కోసం ఒకే తీగను లావుగా చేస్తే అది కడ్డీలా బిగుసుకొని మ్రోగదు. లోపల మెత్తని దారం, పైన లోహపు చుట్ట పెడితే బరువూ ఉంటుంది, ఊగే గుణమూ ఉంటుంది. మన బిద్రీ పనివారు జింకు, రాగి కలిపిన లోహంలో గాట్లు తీసి వెండి తీగను ఎలా కొట్టి కూర్చుతారో చూసినవారికి ఆ తీగ ఎంత సన్నగా సాగుతుందో తెలుసు. గిటారు లావు తీగ మీద గోటితో గీస్తే గరగరమనేది అటువంటి చుట్టే. నేటి నైలాన్ సెట్టులో పట్టుకు బదులు నైలాన్ పోగులు, పైన అదే చుట్ట. పేగుకు బదులు నైలాన్ వచ్చింది 1940లలో. యుద్ధం వల్ల పేగు తీగలు దొరకనప్పుడు న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్ అనే గిటారు చేసేవాడు, స్పెయిన్ దేశపు పెద్ద వాద్యకారుడు సెగోవియా ప్రోత్సాహంతో ఆ తీగలు తయారుచేశాడు.

పేగు తీగకు తేమ అంటే పడదు. తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరితే బిగుసుకుంటుంది, శ్రుతి నిలవదు. అప్పటి గిటార్లలో చాలావాటికి ఇప్పటిలా పళ్ళచక్రాల కీలు లేవు, వయొలిన్‌కు ఉన్నట్లు చెక్క బిరడాలే. డిసెంబరు రాత్రి, నది ఒడ్డున, చలిలో గడ్డకట్టిన దేవాలయంలోకి జనం వచ్చి నిండుతారు. వారి ఊపిరి, వందల కొవ్వొత్తుల వేడి. అటువంటి చోట ఆ గిటారును మోర్ ఎన్నిసార్లు సవరించుకొని ఉంటాడో వాయించేవారు ఊహించుకోగలరు. ఆయన స్వహస్తంతో వ్రాసిన ప్రతిలో పాట డి మేజర్‌లో ఉంది. డి మేజర్ అయితే నాలుగో తీగ, అయిదో తీగ వేలితో నొక్కకుండానే పునాది స్వరాలు ఇస్తాయి. చేతికి పని తక్కువ, పాడుతూ వాయించేవాడికి సుళువు. మన పిల్లలు కూడా డి, జి, ఏ సెవెన్, ఈ మూడు కార్డులతోనే ఆ పాటను నడపవచ్చు.

మరి మనం చేయవలసినది? ముందు మన గిటారు ఏ జాతిదో చూడాలి. మెడ వెడల్పుగా ఉండి, బ్రిడ్జి దగ్గర తీగను ముడివేసి కట్టే ఏర్పాటు ఉంటే అది నైలాన్ గిటారు. తీగ చివర చిన్న గుండు ఉండి, రంధ్రంలో వేసి మేకుతో బిగించేది ఉక్కు గిటారు. దీని తీగ దీనికే. ఉక్కులో మరల నంబర్లు ఉంటాయి. సన్నని మొదటి తీగ మందాన్ని బట్టి పది, పదకొండు, పన్నెండు అంటారు, అంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు, పదకొండు వంతులు అని. కొత్తగా నేర్చుకునేవారి వేళ్ళకు పది మేలు. గట్టిగా మ్రోగాలంటే పన్నెండు. చౌకదని ఒక్కొక్క తీగ విడిగా, వేరు వేరు చోట్ల కొని కలపవద్దు.

కొత్త తీగ మొదటి రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, నైలాన్ అయితే ఇంకా ఎక్కువ రోజులు. ఆరాధన రోజు ఉదయం కొత్త తీగలు వేసుకొని వచ్చేవారికి ఆ సాయంత్రం కష్టాలు తప్పవు. కీలు మీద రెండు మూడు చుట్లు క్రిందికి వరుసగా పడేలా చుట్టాలి. శ్రుతి ఎక్కువైతే తిన్నగా దించి ఆపవద్దు. కావలసిన దానికంటే క్రిందికి దించి, మరల పైకి బిగిస్తూ స్వరం మీద ఆపాలి. లేకపోతే కీలులో వదులు మిగిలి, నాలుగు మీటులకే జారిపోతుంది. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగలు తుడవాలి, చెమట ఉక్కును తినేస్తుంది. ఎండలో నిలిపిన బండిలో గిటారు వదలవద్దు. ఏప్రిల్, మే నెలలలో మన ఊరి ఎండకు జిగురు సడలి బ్రిడ్జి లేస్తుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే శ్రుతి చూపే ముల్లు వచ్చింది. మంచిదే. కాని ఫోను ముల్లు ప్రకారం గిటారు, ఏనాటిదో హార్మోనియం ప్రకారం పాట అయితే రెండూ కలవవు. హార్మోనియం రీడులను అప్పటికప్పుడు మార్చలేము గనుక గిటారే దాని దగ్గరికి రావాలి. హార్మోనియంపై ఒక తీగ స్వరం తీసుకొని, మిగిలినవి మెట్ల ద్వారా సరిచేసుకోవాలి. ఆరో తీగను అయిదో మెట్టు వద్ద నొక్కితే అయిదో తీగ స్వరం, అలాగే అయిదు నుండి నాలుగు, నాలుగు నుండి మూడు. మూడో తీగకు మాత్రం నాలుగో మెట్టు, అది రెండో తీగ స్వరం. రెండో తీగకు మరల అయిదో మెట్టు. ఫోను లేని కాలంలో అందరూ ఇలాగే చేశారు. దగ్గర ఒక శ్రుతి ఫోర్కు ఉంటే ఇంకా నయం. దానిని 1711లో ఇంగ్లండులో జాన్ షోర్ అనే రాజాస్థాన వాద్యకారుడు కనిపెట్టాడు, మోర్ కాలానికే అది నూరేళ్ళ పాతది.

ఇక మోర్ దగ్గరికి వద్దాం. ఆ క్రిస్మస్ తరువాత ఆయన ఓబర్న్‌డార్ఫ్‌లో ఏడాది కూడా లేడు. 1819లో బదిలీ. అక్కడి నుండి ఆయన జీవితమంతా బదిలీలే. కూఖ్ల్, గోలింగ్, ఫిగౌన్, ఆడ్నెట్, ఆంథెరింగ్, ఇలా ఊరి తరువాత ఊరు. చాలా కాలం సహాయ గురువు హోదాలోనే. ఉద్యోగాల మీద మూటాముల్లె సర్దుకొని ఊళ్ళు మారిన మన పాఠకులకు ఆ బ్రతుకు తెలుసు. ఒక చోట పాదు కుదిరే లోపల ఇంకో చోటికి కాగితం వస్తుంది. చివరకు హింటర్‌సే అనే చిన్న పల్లెలోనూ, 1837 నుండి వాగ్రైన్‌లోనూ స్థిరంగా ఉన్నాడు.

ఇంతలో పాట ఆయనను విడిచి తన దారిన వెళ్ళింది. కార్ల్ మౌరాఖర్ అనే ఆర్గన్ బాగుచేసే పనివాడు ఓబర్న్‌డార్ఫ్ వచ్చి, ఆ పాట ప్రతి తీసుకొని టిరోల్ కొండలలోని తన ప్రాంతానికి పట్టుకుపోయాడు. అక్కడ స్ట్రాసర్, రైనర్ అనే పాటల కుటుంబాలు ఉండేవి. స్ట్రాసర్ కుటుంబం చేతి తొడుగులు అమ్ముకోవడానికి సంతలకు వెళ్తూ పాడేది. వారి ద్వారా 1830ల తొలి సంవత్సరాలలో జర్మనీలో అచ్చయింది. రైనర్ బృందం 1839లో న్యూయార్కులో పాడింది. అచ్చయిన కాగితాల మీద టిరోల్ జానపద గీతం అని ఉండేది. మోర్ పేరు లేదు, గ్రూబర్ పేరు లేదు. ఆయన తన కొండ ఊరిలో పరిచర్య చేసుకుంటుండగా ఆయన పాట సముద్రం దాటింది. ఆయనకు ఒక్క కాసు రాలేదు.

వాగ్రైన్‌లో ఆయన చేసినది మా మనసుకు ఎక్కువ నచ్చింది. ఊరిలో పిల్లలకు సరైన బడి లేదు. ఆయన పూనుకొని 1838లో బడి కట్టించాడు. ఫీజు కట్టలేని పేద పిల్లల కోసం నిధి ఏర్పరచాడు. వృద్ధులకు ఆదరణ ఏర్పాటు చేశాడు. హీర్న్‌లె తనకు చేసినది తాను ఊరికంతటికీ చేశాడు. జీతం వచ్చినది వచ్చినట్లే పోయేది. 1848 డిసెంబరు 4న ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. మరో వారం ఉంటే యాభై ఆరు నిండేవి. చేతిలో ఏమీ మిగలలేదు. ఉన్న వస్తువులలో ఒకటి ఆ గిటారు.

ఆయన పోయిన ఆరేళ్ళకు, 1854లో, బెర్లిన్ రాజాస్థాన సంగీతకారులు సాల్జ్‌బర్గ్‌కు ఉత్తరం వ్రాసి ఆ పాట మూలప్రతి ఉందా అని అడిగారు. మైఖేల్ హైడెన్ అనే పెద్ద సంగీతకారుడు కట్టాడని వారి అనుకోలు. సంగతి గ్రూబర్ చెవిన పడింది. ఆయన డిసెంబరు 30న జరిగినది జరిగినట్లు కాగితం మీద పెట్టాడు. మాటలు మోర్ గారివి, రాగం తనది, ఫలానా రోజు, ఫలానా దేవాలయం. గ్రూబర్ తన పేరు ఒక్కటే వ్రాసుకొని ఉంటే అడిగేవాడు లేడు. మోర్‌కు భార్య లేదు, బిడ్డలు లేరు, సాక్షులు ఎందరు మిగిలారో. బడిపంతులు అబద్ధం ఆడలేదు. మన తోటి వృత్తివాడని ఇక్కడ కొంచెం గర్వపడ్డామంటే పాఠకులు క్షమించాలి.

అయినా లోకం వెంటనే నమ్మలేదు. సందేహం చాలా కాలం మిగిలింది. 1995లో మోర్ స్వహస్తంతో వ్రాసిన ప్రతి బయటపడింది. గిటారు తోడుతో, రాగం గ్రూబర్‌దని, మాటలు 1816లో తాను వ్రాసినవని ఆయనే అందులో పేర్కొన్నాడు. క్రిస్మస్ ముందురోజు హడావుడిగా పాట పుట్టిందన్న కథ కూడా దానితో పోయింది. ఆయన మరణించి అప్పటికి 147 సంవత్సరాలు. తండ్రి పేరు చెప్పుకోలేక మొదలైన మనిషికి, తన పాట తనదే అనిపించుకోవడానికి అంత కాలం పట్టింది.

మోర్ ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆయన బొమ్మ ఎవరూ గీయలేదు. 1912లో ఒక శిల్పి ఆయన విగ్రహం చేయాలని వాగ్రైన్ సమాధి నుండి పుర్రెను తీయించాడు. ఆ పుర్రె మరల సమాధికి వెళ్ళలేదు. నది వరదలకు పాడైన సెయింట్ నికొలస్ దేవాలయాన్ని 20వ శతాబ్దం మొదట్లో కూల్చివేశారు. ఆ చోట కట్టి 1937లో ప్రతిష్ఠించిన చిన్న చాపెల్ గోడలో దానిని ఉంచారు. శరీరం వాగ్రైన్‌లో, పుర్రె ఓబర్న్‌డార్ఫ్‌లో. బదిలీలు చనిపోయాక కూడా ఆగలేదన్నమాట.

గిటారు మాత్రం బ్రతికింది. చేతులు మారి మారి చివరకు గ్రూబర్ మనుమడు ఫెలిక్స్‌కు చేరింది. ఇప్పుడు హాలైన్ పట్టణంలో, గ్రూబర్ నివసించిన ఇంటిలోని మ్యూజియంలో ఉంది. యూరపులో ఉద్యోగాలకు వెళ్ళిన మన పిల్లలు ఎవరైనా సాల్జ్‌బర్గ్ దాకా వెళ్తే, అక్కడికి హాలైన్ దగ్గరే, చూసి రావచ్చు.

మన గిటారుకు బ్రిడ్జి మరల అతికించారు. ఇప్పుడు దానికి నైలాన్ తీగలే ఉన్నాయి. ఈ క్రిస్మస్‌కు వారం ముందే కొత్త సెట్టు వేయాలని యౌవనస్థులకు చెప్పాము. డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం ఆరు గంటలకు ప్రాక్టీసు ఉంది. ఆరు చరణాలూ పాడదామని మా కోరిక. మిగిలిన మూడింటిని తెలుగులోకి తేగల సహోదరులు, సహోదరీలు ఎవరైనా ఉంటే ముందుగా వ్రాసి పంపగలరు.